అల్లుడుగారి సైలెన్సర్

అల్లుడి మాట కాదనకూడదంటారు. పండక్కి బట్టలు, వేలికి ఉంగరం, ఆ రోజుల్లో స్కూటరు... ఇంతవరకు ఆ రూలు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. టెక్సాస్ నుంచి వీడియో కాల్ చేసి, "మామయ్యగారూ, తుపాకీ సైలెన్సర్ బిగుసుకుపోయిందండీ, లోపలి సామాను బయటికి రావట్లేదు" అనే అల్లుడికి ఏం మర్యాద చెయ్యాలో మాత్రం మా పెద్దలెవరూ చెప్పి పోలేదు.

అంత దూరం నుంచి నన్నే ఎందుకడిగాడంటే, నేను కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి ఎగ్జామినరుగా రిటైరైనవాణ్ణి. మా తాత సిక్కోలు వైపు నుంచి టీటాగఢ్ జూట్ మిల్లుకు వలస వచ్చాడు. మా నాన్న ఆ మగ్గాల మోతలోనే చెవులు పోగొట్టుకున్నాడు. నేను రైల్లో ఇంకో మూడు స్టేషన్లు ముందుకెళ్ళి తుపాకుల మోతలో పడ్డాను. 1787 లో కుంఫిణీవాళ్ళు మందుగుండు కార్ఖానా పెట్టిన చోటే 1904 లో రైఫిళ్ళ కార్ఖానా వెలిసింది. ఇప్పుడు కాపురం దమ్‌దమ్‌లో. ఒంట్లోకి దూరి విచ్చుకునే తూటాకు పేరిచ్చిన ఊరు అది. ఆ తూటాను యుద్ధాల్లో వాడొద్దని 1899 లోనే హేగ్‌లో పెద్దలు తీర్మానించారు గానీ, మా ఊరి పేరు మాత్రం దాన్ని వదల్లేదు. మొత్తానికి మూడు తరాలుగా మా వంశానికి సంక్రమించిన స్థిరాస్తి చప్పుడొక్కటే. అలాంటి ఇంటికి చప్పుడు తినే గొట్టంతో వచ్చాడు అల్లుడు.

మన దేశంలో ఆ గొట్టం మామూలు మనిషి చేతికి రాదు. తుపాకీ మోతను తగ్గించే సరంజామాను ఆయుధాల నిబంధనలు నిషిద్ధాల వరసలో పెట్టాయి. అమెరికాలో అలా కాదు. మా అల్లుడు గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే .22 రైఫిల్ కొన్నాడు, దానికి సైలెన్సర్ కూడా. దరఖాస్తు, ఫొటోలు, వేలిముద్రలు, పైన 200 డాలర్ల పన్ను. 1934 లో పెట్టిన ఆ పన్నును తొంభై ఏళ్ళు పైసా పెంచకుండా ఉంచి, 2026 జనవరి నుంచి ఏకంగా సున్నా చేశారు. అల్లుడు కట్టింది మాత్రం అంతకుముందే. ఆ బాధ అతనికి ఇంకా తీరలేదు.

మా పక్కింటి దాదాకు ఈ సంగతి చెబితే నవ్వాడు. "కలకత్తాలో పని కావాలంటే సైలెన్సర్ ఎందుకు మోశాయ్? 1914 లో రోడా తుపాకుల కంపెనీకి వచ్చిన యాభై మౌజర్ పిస్తోళ్ళను, నలభై ఆరువేల తూటాలను మా విప్లవకారులు పట్టపగలు ఎద్దుబండి మీద ఎత్తుకుపోయారు. ఒక్క పేలుడు వినబడిందా?" అన్నాడు. చరిత్ర ఎత్తితే దాదాతో గెలవలేం. లండన్ ఒలింపిక్స్‌లో మా హైదరాబాదు గగన్ నారంగ్‌కు కంచు వచ్చిందని నేనంటే, అదే ఒలింపిక్స్‌లో .22 రైఫిల్ పట్టి పడుకుని కాల్చే పోటీలో తమ జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో నిలిచాడని, నాలుగో స్థానంలో ఉండే విషాదం కంచు పతకానికి ఉండదని అంటాడు.

ఇంతకీ ఆ గొట్టం కథేమిటంటే, మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాగ్జిమ్ ఆ మోతలకు చెవులు దెబ్బతిని చెవిటివాడయ్యాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాగ్జిమ్ 1909 లో సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్నాడు. తండ్రి చేసిన గోలకు కొడుకు ప్రాయశ్చిత్తం చేసుకోవడం లోకంలో కొత్తేమీ కాదు, పేటెంటు తీసుకోవడమే కొత్త. గొట్టంలో టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా ఒకదాని వెనక ఒకటి లోహపు బ్యాఫిల్స్ ఉంటాయి. ఒక్కోదానికి నడిమధ్యన తూటా దూరేంత చిల్లు. తూటా ఆ చిల్లుల్లోంచి తన దారిన తాను పోతుంది. వెనకాల వచ్చే వేడి వాయువు మాత్రం గది గదికీ తగులుకుని, వ్యాకోచించి, చల్లబడి, కోపం తగ్గాక బయటికొస్తుంది. సినిమాల్లోలాగా "ఫుస్" అని మాత్రం అనుకోకండి. .22 రైఫిల్ మామూలుగా నూట నలభై డెసిబెల్స్ దాకా మోగితే, సైలెన్సర్ పెట్టాక నూట పదిహేను, ఇరవైకి దిగుతుంది. బెంగాల్లో కాళీపూజ టపాకాయలకు 2023 లో ఇచ్చిన అనుమతి 125 డెసిబెల్స్. కొలిచే దూరాలు వేరంటాడు దాదా. అతను చెప్పేది నిజమే గానీ, మా సందులో కాళీపూజ నాడు దూరం అనే వస్తువు ఉండదు.

చప్పుడు తగ్గింది సరే, తిన్నదంతా ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది అల్లుడి కష్టం. పెద్ద రైఫిల్ తూటాలకు రాగి తొడుగుంటుంది, పీడనం ఎక్కువ, మసి చాలావరకు దానంతటదే ఎగిరిపోతుంది. అందుకే వాటి సైలెన్సర్లను చాలామంది తయారీదారులు విప్పే వీల్లేకుండా మూసేస్తారు. .22 ది పేదింటి సంసారం. వట్టి సీసం తూటా, దానిమీద మైనం పూత, అంచులో నింపిన మందులోనూ సీసమే, సగం కాలని పొడి. ఇదంతా కలిసి బ్యాఫిల్స్ మీద పేరుకుని బూడిదరంగు గార కడుతుంది. అందుకే వీటిని విప్పి కడుక్కునేలా చేస్తారు. కొన్ని వందల తూటాలకొకసారి కడగమని కాగితం మీద రాసి మరీ ఇస్తారు. అల్లుడు ఆ కాగితాన్ని డబ్బాలోనే భద్రంగా దాచాడు.

వీడియోలో చూస్తే గొట్టం చివర మూత ఊడింది గానీ లోపలి బ్యాఫిల్స్ కదల్లేదు. గార బ్యాఫిల్స్‌కీ గొట్టానికీ మధ్య దిగి సిమెంటులా పట్టేసింది. మనకు పొద్దున్న ఏడు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అల్లుడు సుత్తి చూపించాడు.

ఫ్యాక్టరీలో అయితే ఆ సుత్తి పట్టుకున్న అప్రెంటిస్‌కు ఇషాపూర్ నుంచి బారక్‌పూర్ దాకా వినబడేలా చెప్పేవాణ్ణి. అల్లుణ్ణి తిట్టకూడదు. "బాబూ, సుత్తి కాసేపు పక్కన పెడతారా?" అన్నాను. ఆ గొట్టం మీదే సీరియల్ నంబరు ఉంది, గొట్టం పాడైతే సర్కారు కాగితమూ పాడైనట్టే. పోనీ బ్యాఫిల్ విడిగా కొనుక్కుందామా అంటే, అక్కడి చట్టం దృష్టిలో విడి బ్యాఫిల్ కూడా ఒక సైలెన్సరే. స్పేరు ముక్క దుకాణంలో దొరకదు.

"అయితే డిష్‌వాషర్‌లో వేస్తే?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల వెనకనుంచి మా అమ్మాయి గొంతు వినబడింది. ఆ మాటలు ఇక్కడ రాయను గానీ, మా ఇంటి చప్పుడు ఆస్తిలో ఆడపిల్లకూ వాటా దక్కిందని తెలిసి సంతోషించాను.

మూడో ఆలోచన అన్నింటికంటే ప్రమాదం. స్నేహితుడెవరో వినిగరూ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిపి నానబెట్టమన్నాడట. సీసం నిజంగానే కరిగిపోతుంది, కరిగి లెడ్ ఎసిటేట్ అవుతుంది. తియ్యగా ఉండే విషం అది, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. ఆ నీళ్ళు సింకులో పొయ్యడానికి లేదు, పెరట్లో పొయ్యడానికీ లేదు. పైగా బ్యాఫిల్స్ అల్యూమినియంవి అయితే వాటికీ ఆయుష్షు తీరుతుంది. ఇంట్లో మూడేళ్ళ మనవడు ఉన్నాడు. చిన్నపిల్లల మెదడుకు సీసాన్ని మించిన శత్రువు లేదు. ఈసారి మాత్రం "బాబూ" అనడం మరిచిపోయాను.

చివరికి జరిగింది చాలా సాదా వైద్యం. గొట్టం రెండు చివర్లనుంచీ పల్చటి నూనె పోసి రాత్రంతా నిలబెట్టారు. మర్నాడు గొట్టం లోపలికి సరిపోయే గుండ్రటి చెక్క కడ్డీతో, తయారీదారు చెప్పిన వైపునుంచి, బల్లమీద మెల్లగా నొక్కించాను. మొదట ఏమీ లేదు. తరవాత 'క్రిక్' అని ఒక చిన్న చప్పుడు. పొడిపొడిగా గార రాలుతూ బ్యాఫిల్స్ దండలాగా బయటికొచ్చాయి. గ్యారేజీలో, తలుపు తెరిచి, చేతికి తొడుగులతో, ఎండు బ్రష్షుతో గీకి దుమ్ము లేపకుండా తడిగా తోమించాను. మా ఫ్యాక్టరీలో ఫ్లానెల్ ముక్కను చిందీ అంటాం, అక్కడ పాత టీషర్టే చిందీ అయింది. మెరిసేదాకా తోమక్కర్లేదు, గార వదిలితే చాలు. విప్పేటప్పుడే ఫోన్లో ఫొటో తీయించి, ఒక్కో ముక్కకూ పెన్నుతో నంబరు వేయించాను. వరస తప్పినా, వంకరగా కూర్చున్నా తూటా చిల్లు అంచును కొడుతుంది. అప్పుడు ఆ గొట్టానికి నిజమైన నిశ్శబ్దం ప్రాప్తిస్తుంది. బిగించేముందు గొట్టం లోపల సన్నగా నూనె పూస్తే మళ్ళీసారి గార సులువుగా వదులుతుంది.

దాదా అంతా విని, "అంటే మేము మోత భరిస్తున్నాం, వాళ్ళు మురికి భరిస్తున్నారు" అన్నాడు. మోతను మింగిన ప్రతిదీ లోపల మసి పేర్చుకుంటుంది, అది గొట్టమైనా మామగారైనా.

టెక్సాస్‌లో అల్లుళ్ళున్న తోటి మామగార్లకు నా మనవి ఒకటే. తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టాకే ఫోన్ చెయ్యమనండి. గొట్టం బిగుసుకోకముందే కడగమనండి. వినిగరు వంటింట్లోనే ఉంచమనండి. పని అయ్యాక బట్టలు మార్చి, సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కున్నాకే మనవణ్ణి ఎత్తుకోమనండి. సుత్తి విషయంలో మాత్రం మొహమాటపడకండి. అల్లుడైనా సరే, తిట్టండి.