పెన్ను తీసినవాడికి జిరాక్సు

పెనుకొండ నుంచి బెంగళూరు వెళ్లి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ మీద పనిచేసే కుర్రాడికి సెలవొస్తే ఒకటే గండం: "నువ్వు చేసే పనేందప్పా?" కియాలో చేరినవాళ్లకు ఈ బాధ లేదు. ఎర్రమంచిలో ఫ్యాక్టరీ ఉంది, 2019 నుంచి కార్లు బయటికొస్తున్నాయి, వేలు చూపించి తప్పించుకోవచ్చు. కెర్నల్ కంటికి కనిపించదు. కనిపించిందంటే ఏదో చెడిపోయిందన్నమాట.

ఆ ఆదివారం ఉగ్గాని హోటల్లో ఆ ప్రశ్న వేసినాయన రిటైరైన లెక్కల అయ్యవారు. అరకొర జవాబుకు మార్కులు వేసే అలవాటు ఆయనకు సర్వీసులోనే లేదు.

"మెమరీ పంచిపెడతాం సార్."

"పంచేదానికి ఇంజనీరెందుకప్పా? మా అన్నదమ్ములం పెద్దమనుషులను పెట్టుకొని పంచుకున్యాం. కోర్టులో ఇంకా నడస్తానే ఉంది."

కుర్రాడు బల్ల మీదున్న దినపత్రిక అందుకున్నాడు. హోటలుకు వచ్చేది ఒకటే పేపరు, చదివేవాళ్లు ఊరంతా. కెర్నల్ బాధ కూడా అదే. అది మెమరీని పేజీలుగా విడగొడుతుంది. మామూలుగా ఒక్కో పేజీ 4096 బైట్లు. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పుట్టించినప్పుడల్లా పేజీలన్నిటికీ నకళ్లు తీస్తూ కూర్చుంటే కాలమూ దండగ, చోటూ దండగ. అందుకే ఇద్దరికీ అవే పేజీలు చూపించి, "చదవడానికి మాత్రమే" అని ముద్ర వేస్తుంది. ఎవరైనా రాయబోతే ప్రాసెసర్ అడ్డుకుంటుంది. అప్పుడు కెర్నల్ ఆ ఒక్క పేజీకి నకలు తీసి వాడి చేతిలో పెడుతుంది. హోటల్లో చెప్పాలంటే, పేపరు ఎవరైనా చదవొచ్చు, గళ్లనుడికట్టు నింపడానికి పెన్ను తీసినవాడు మాత్రం జిరాక్సు తీసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌లన్నీ జైగోట్ అనే తల్లి ప్రాసెస్ నుంచి పుట్టి, ఇలా పంచుకునే బతుకుతాయి.

అయ్యవారు జేబులో ఫోన్ తడిమి చూసుకున్నారు.

ప్రతి పేజీకీ ఒక లెక్క కూడా ఉంటుంది: ఇప్పుడు ఎంతమంది పట్టుకున్నారని. లెక్క సున్నాకు వస్తే తప్ప దాన్ని ఇంకో పనికి వాడకూడదు. అయ్యవారు సంపాదకీయం సగంలో ఉండగానే హోటలాయన ఆ పేజీ చించి బజ్జీలు కట్టాడనుకోండి, ఆయన తర్వాతి వాక్యమనుకొని నూనె మరక చదవాలి. కంప్యూటరైతే ఆ మరకను పూర్తి నమ్మకంతో చదివి, అందులో ఉన్నట్టే నడుచుకుంటుంది. కెర్నల్లో దొరికే ప్రమాదకరమైన లోపాల్లో ఈ రకానివి చాలా ఎక్కువ.

"సరే, లెక్క పెట్టినారు, ముద్ర వేసినారు. ఇంకేం కష్టం?"

కష్టమంతా ముద్ర చూడటానికీ పెన్ను ఆనించడానికీ మధ్యనుండే ఆ రవ్వంత సందులో ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏళ్ల తరబడి అలాంటి సందు ఒకటి ఉండిపోయింది. పెన్ను తీసినవాడికి కెర్నల్ జిరాక్సు ఇచ్చింది. రాసేలోపు వాడి జతగాడు దాన్ని చెత్తబుట్టలో వేశాడు. జిరాక్సు ఇచ్చేశాం కదా అనే ధీమాలో కెర్నల్ ఈసారి అసలు పేపరే అందించి, రాసుకోమంది. డర్టీ కౌ అని పేరుపడిన ఈ లోపాన్ని 2016 అక్టోబరులో సరిచేశారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లోనే ఒకసారి సరిచేయబోయారు. అది వేరొక రకం యంత్రాల మీద ఇబ్బంది పెట్టడంతో ఆ దిద్దుబాటు రద్దయింది. ఈ లోపానికి ఆవు బొమ్మ గుర్తు కూడా గీశారు. లేపాక్షి బసవన్న తర్వాత మన కుర్రాడికి అంతగా పరిచయమైన గోసంతతి అదే.

పొదుపు ఎక్కువైనా ముప్పే. ఎక్కడెక్కడో ఉన్న ఒకేలాంటి పేజీలను వెతికి ఒకటిగా కలిపే సదుపాయం లినక్స్‌లోకి 2009లో వచ్చింది. తర్వాత పరిశోధకులు ఒక కిటుకు కనిపెట్టారు: రాయబోయినప్పుడు జిరాక్సు కోసం ఆగాల్సి వస్తే, పక్క బల్ల మీదా అదే పేపరు ఉందన్నమాట! పొరుగువాడి గుట్టు అలా బయటపడుతుందనే భయంతో వీఎంవేర్ కంపెనీ 2014లో, ఒకే కంప్యూటర్లో నడిచే వేర్వేరు వర్చువల్ మెషీన్ల మధ్య ఇలా పంచుకోవడాన్ని మామూలుగా జరగకుండా ఆపేసింది.

అయ్యవారికి నచ్చింది మాత్రం డర్టీ పైప్ అనే ఇంకో లోపం. 2021 ఏప్రిల్‌లో జర్మనీలో మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది: ఒక లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదు. దాన్ని బాగుచేశాడు. కొన్నాళ్లకు ఇంకోటి, మళ్లీ ఇంకోటి. ఏ ఫైలు చూసినా చివరి ఎనిమిది బైట్లే పాడవుతున్నాయి. కూపీ లాగితే 2022 ఫిబ్రవరిలో కెర్నల్ దగ్గర తేలింది. "ఇందులో ఇంకా రాయొచ్చు" అని వెనకటివాడి కోసం ఒక క్లిప్పుకు అంటించిన చీటీని తీయకుండానే, అదే క్లిప్పుకు అందరూ చదివే పేపరు తగిలించారు. ఆ చీటీని నమ్ముకొని ఏ అనామకుడైనా తనకు రాసే హక్కులేని ఫైళ్లలో గీకేయొచ్చు.

"ఎట్ల సరిచేసినారు మరి?"

"రెండు వరుసలు చేర్చినారు సార్. రెండింటిదీ ఒకటే మాట: పాత గుర్తు సున్నా చెయ్యి."

అయ్యవారు వేళ్లు మడిచి లెక్కేశారు. "ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి. పది నెల్లు. రెండు వరుసలు. రెండింట్లోనూ సున్నా." గ్లాసు కింద పెట్టి, కుర్రాడి వైపు జరిగారు. "ఈ పనికి జీతమెంతిస్తారప్పా?"