తాళం తీసినవాడే ఫస్టు

ఆంధ్రప్రదేశ్‌లో రామకుప్పం నుంచి ఇచ్ఛాపురం దాకా సర్కారు బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ 2022 డిసెంబరు 21న మొదలైంది. బైజూస్ పాఠాలు లోపలే నింపాం, నెట్‌తో పనే లేదన్నారు. పాఠం తప్ప మరోటి తెరుచుకోకుండా తాళమూ బిగించారు. కొన్నాళ్లకే పిల్లలు ఆ తాళం ఊడదీసి యూట్యూబ్ చూస్తున్నారని వార్తలు! ట్యాబు పిల్లల్ని చెడగొట్టిందని గోల పెట్టేవారు ఒక్కటి గమనించాలి. ఏ పంతులూ చెప్పని కంప్యూటర్ విద్యను వాళ్లంతట వాళ్లే నేర్చేసుకున్నారు. పాపం, ఆ సబ్జెక్టుకే మార్కుల్లేవు.

పాఠాల సంగతంటారా? పిల్లలకు లెక్కలు చెప్పిన ఆ బైజూస్ కంపెనీ, తన లెక్క తేలక 2024 జులైలో దివాలా ప్రక్రియలో పడింది. పాఠాలు ఉచితమే కదా, ఊరికే ఇచ్చిన గేదెకు పళ్లు పట్టి చూడటమేమిటని కొందరి వాదన. ఒప్పుకుందాం. కానీ గేదెను కట్టేసిన గుంజ, అంటే ట్యాబు, ఖజానా సొమ్ముతో కొన్నదే. ఆ తొలి బ్యాచ్ పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాశారు. పెన్నుతో, కాగితం మీద.