ఒఱగు దిక్కు సూత్రం: సటీకా తాత్పర్యం

మూలం: ఒఱగు దిక్కునకుఁ బరుగిడుటయె నిలుకడ.

టీక: ఒఱగు దిక్కునకున్ = రెండు చక్రాల రోబో ఎటు వాలితే అటే; పరుగిడుటయె = చక్రాలను ఉరికించడమే (ఏవకారం చేత బ్రేకు వేయడం నిషిద్ధమని గ్రహించాలి); నిలుకడ = నేల కరవకుండా ఉండటం.

తాత్పర్యం: పక్కపక్కన రెండే చక్రాలున్న బండి ముందుకో వెనక్కో పడక మానదు. పడబోయే బరువు కిందికి చక్రాలను తోసుకుపోతే లేచి నిలుస్తుంది. 2001లో డీన్ కామెన్ జనం ముందుకు తెచ్చిన సెగ్వే ఇందుకు లక్ష్యం.

విశేషాలు: ‘ఒఱగు’ అన్నారు సరే, ఒరిగినట్టు తెలిసేదెలా? ఎంపీయూ-6050 అనే చిన్న చిప్పు ఇందుకు ప్రమాణం. అందులో సాక్షులు ఇద్దరు, ఇద్దరినీ పూర్తిగా నమ్మరాదు. యాక్సిలరోమీటరుకు భూమి ఎటుందో తెలుసు గానీ మోటారు కదిలితే చాలు ఉలిక్కిపడుతుంది. గైరో అలా బెదరదు. కాకపోతే చిన్న చిన్న తప్పులు కూడబెట్టి, కాసేపటికి నిటారుగా ఉన్నదాన్ని కూడా వాలిందని సాక్ష్యం చెబుతుంది. అందుకే చాలామంది గైరో మాటకు 98 పాళ్లు, యాక్సిలరోమీటరు మాటకు 2 పాళ్లు విలువ కట్టి కోణం తేలుస్తారు. దీని పేరు కాంప్లిమెంటరీ ఫిల్టర్.

ఎంత ‘పరుగు’? దానికి పీఐడీ అనే నియంత్రణ పద్ధతి. ఓడ దారి తప్పకుండా చుక్కాని తిప్పడంపై 1922లో నికొలస్ మినోర్‌స్కీ రాసిన వ్యాసం దీనికి ఆధారం. వాలినంతకు పీ, వాలే వేగానికి డీ, పేరుకున్న బాకీకి ఐ. ముందు పీ ఒక్కటే పెంచాలి. రోబో గడగడ వణుకుతుంది. అప్పుడు కాస్త డీ కలిపితే వణుకు అణుగుతుంది. ఐ జోలికి చివర్లో వెళ్లాలి.

పాఠభేదం: మోటారు వైర్లు తారుమారైన ప్రతులలో ‘ఎదురు దిక్కునకు’ అని కనిపిస్తుంది. ఈ పాఠం ప్రకారం రోబో మరింత త్వరగా పడుతుంది.

పూర్వపక్షం: బ్యాటరీ బరువు కింద ఉంటే స్థిరం కదా?

సమాధానం: కాదు. అరచేతిలో పెన్సిలు నిలవదు, చీపురుకట్ట నిలుస్తుంది. బరువు పైనుంటే నెమ్మదిగా వాలుతుంది, మోటార్లకు వ్యవధి చిక్కుతుంది.

చివరగా ఒక మాట. చౌకగా దొరికే పసుపు గేరు మోటార్లలో పళ్ల మధ్య వదులుంటుంది. దిశ మారినప్పుడల్లా ఆ సందు దాటేదాకా చక్రం కదలదు. పీఐడీ అంకెలు ఎంత సవరించినా ఆ వదులు పోదు. స్టెప్పర్ మోటార్లు కొనుక్కోండి.