సూదికో సొంతిల్లు

మా ఇంట్లో సూది పోవడం అంటూ ఉండదు. ఉంటుంది, ఎక్కడుందో దానికే తెలుసు. గోడ క్యాలెండరుకి ఒకటి, గుమ్మం కర్టెను అంచుకి ఒకటి, దారపుండలో నడుం దాకా దిగబడి ఒకటి. పిన్నీసులైతే మా అత్తయ్య పుస్తెలతాడుకి గుత్తిగా వేలాడుతుంటాయి. 1849లో పిన్నీసుకి పేటెంటు తీసుకున్న వాల్టర్ హంట్ అనే అమెరికా ఆయన, అప్పు తీర్చుకోవడానికి దాన్ని 400 డాలర్లకి అమ్మేశాడట. మంగళసూత్రాల పక్కన చోటు దక్కబోతోందని ఎవరైనా ముందే చెవిన వేసి ఉంటే బేరం ఇంకాస్త గట్టిగా ఆడేవాడు.

కుట్టుసామాను డబ్బా లేదా అంటే ఉంది. నీలం రంగు బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే హుక్కులు, జత దొరకని గుండీలు, ఖాళీ బాబిన్లు, ఎప్పటిదో పావలా, ఎవరిదో పళ్లసెట్టు రశీదు. సూది మాత్రం ఉండదు. చుట్టాల పిల్లలు బిస్కెట్లనుకుని ఆశగా మూత తీసి, మా వంక చూసే చూపు ఏ శత్రువూ చూడడు.

ఇలా ఉండగా ఓ ఆదివారం మా వారు సోఫాలో కూర్చుని, కూర్చున్నదానికంటే వేగంగా లేచారు. ఆయన లేచిన ఎత్తు చూశాక నాకు జ్ఞానోదయమైంది. మనుషులకి ఇన్ని అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, సూదికో గూడు కట్టలేమా? పిన్‌కుషన్ కుట్టాలని అప్పుడే తీర్మానించేశాను.

పిన్‌కుషన్ అనగానే లోకమంతటికీ గుర్తొచ్చేది ఎర్రటి టమాటా. ఇంగ్లండులో విక్టోరియా రాణి నాటి ఫ్యాషను. దాని తోకకి చిన్న స్ట్రాబెర్రీ ఒకటి వేలాడుతుంది. అది సోకుకి కాదు. లోపల ఎమెరీ పొడి ఉంటుంది, మన ఉప్పుకాగితం మీది గరుకు లాంటిదే. సూదిని అందులో నాలుగుసార్లు గుచ్చి తీస్తే తుప్పు వదిలి మొన పదునెక్కుతుంది. ఇదంతా అత్తయ్యకి వివరిస్తే, "కిలో అరవై పెట్టి కొన్న టమాటాకి సూదులు గుచ్చుతావా?" అన్నారు. గుడ్డతో చేసేదని చెప్పాక శాంతించారు.

గుడ్డకి మా ఇంట్లో కరువా? బీరువా నిండా పేరంటాల జాకెట్టు ముక్కలే. వాటిలో కొన్ని నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగాయి. ఒక ఎర్రముక్కని ఎంచి, 10 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు కత్తిరించాను. పొట్టి అంచులు రెండూ కలిపి కుడితే గొట్టమైంది. ఒక మూతి కుచ్చుపోసి బిగించి, లోపల కూరి, రెండో మూతీ బిగించాలి. అప్పటికది ఉల్లిపాయలా ఉంటుంది. టమాటా కావాలంటే దబ్బనంలో లావుదారం ఎక్కించి, నడినెత్తిన దింపి అడుగునుంచి లాగి, పక్కనుంచి చుట్టి మళ్లీ నెత్తిన దింపాలి. చుట్టు చుట్టుకీ దారం గట్టిగా గుంజితే ఒక గాడి పడుతుంది. ఆరు గాళ్లు పడితే ఆరు తొనలు. నాకు ఐదే పడ్డాయి. ఆరోసారికి దబ్బనం టమాటాని వదిలి నా బొటనవేలిని ఎంచుకుంది.

అసలు చిక్కంతా ఏం కూరాలన్నది. బూరుగుదూది పెడితే సూదులు పెళ్లిభోజనం చేసిన మనుషుల్లా పక్కకి వాలిపోయాయి. బియ్యం పోస్తే నెల తిరక్కుండా పురుగు పట్టి టమాటా నిజం టమాటా అయింది. రంపపు పొట్టు బాగానే నిలబెట్టింది కానీ, వానాకాలం చెమ్మకి సూదులన్నీ ఎర్రబడ్డాయి. అప్పుడు తెలిసిందేమిటంటే, అన్నిటికంటే మంచిది తలవెంట్రుకలట. వెనకటి దొరసానులు దువ్వెనకి వచ్చిన జుట్టు దాచి ఇందులో కూరేవారు. జుట్టుకున్న జిడ్డు వల్ల సూదికి తుప్పు పట్టదు.

జుట్టు దాచడం మాకేం కొత్త? స్నానాలగది కిటికీలో అత్తయ్య రాలిన జుట్టు ఉండచుట్టి కవరులో పోగేస్తుంటారు, చిక్కుజుట్టుకి స్టీలు గిన్నెలిచ్చే మనిషి కోసం. మూడేళ్ల పొదుపు. పైగా నిత్యం కొబ్బరినూనె తాగిన జుట్టు, ఇక తుప్పన్న మాటేముంది! అత్తయ్య గుడికెళ్లిన సమయం చూసి కవరు ఖాళీ చేశాను. నాలుగు టమాటాలయ్యాయి. సూది గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగుతోంది.

ఆ ఉత్సాహంలో ఒకటి ఎదురింటి వదినగారికి పట్టుకెళ్లాను, పన్నెండు సూదులు గుచ్చి మరీ. సూది చేతికివ్వకూడదుగా, "అక్కడ పెట్టండి వదినా, నేను తీసుకుంటా" అందావిడ. పెట్టి వచ్చేశాను. మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు వదినగారు, వెనకాల వాళ్లాయన, ఆయన చేతిలో పటకారు, పటకారులో నా టమాటా. కుట్టు ఒకచోట వదులై అందులోంచి జానెడు వెంట్రుక బయటికి వచ్చింది. ఎర్రగుడ్డ, లోపల జుట్టు, పైన సూదులు. అదీ శుక్రవారం నాడు. చేతబడి కాదని నేను ఎంత చెప్పినా, విక్టోరియా రాణి పేరు ఎత్తేసరికి వ్యవహారం ఇంకా ముదిరింది.

"ఎవరి జుట్టది?" అడిగిందావిడ.

"మా అత్తయ్యది" అన్నాను, అది కాస్త ధైర్యమిస్తుందనుకుని.

లోపలినుంచి అత్తయ్య వచ్చారు. వదినగారి భయం చేతబడి గురించి. అత్తయ్య దుఃఖం మూతతో సహా రావలసిన రెండు లీటర్ల గిన్నె గురించి.

ఆ తర్వాత కొన్నాళ్లు సూదుల జోలికి పోకుండా మెత్తటి కానుకల్లోకి దిగాను. పైన పెడన కలంకారీ ముక్క, మధ్యన దూదిపొర, అడుగున పాత పంచె. మూడూ కలిపి చిన్నచిన్న కుట్లు. అత్తయ్య చూసి, "బొంతేగా, ఇంత చిన్నగా ఏం చేసుకుంటారు, ఎలక్కి కప్పుతావా?" అన్నారు. ఆవిడ చేతిలో పాతచీరలు ఆరు పొరలు బొంతయ్యేవి. పొడుగ్గా సాగే ఆ కుట్లలో ఒక్కటీ వంకర పోయేది కాదు. నేను కుట్టింది మా వారి కళ్లజోడు సంచి. అద్దాలకి సరిగ్గా కొలిచి కత్తిరించాకే కుట్టాను. కుట్టేకొద్దీ గుడ్డ ముడుచుకుపోతుందని, ముందు కుట్టి తర్వాత కత్తిరించాలని, కళ్లజోడు సగం దూరి ఆగిపోయాక తెలిసింది. ఇప్పుడందులో ఆయన దువ్వెన ఉంటోంది.

పంచిన టమాటాల సంగతి చెప్పాలి. ఒక్కదాంట్లోనైనా ఎవరూ సూది గుచ్చిన పాపాన పోలేదు. ఆడపడుచు అగరొత్తులు గుచ్చుతోంది. పిన్ని చిన్నికృష్ణుడికి ఆసనం వేసింది. మిగిలినదాన్ని మా అమ్మాయి దసరా బొమ్మల కొలువులో, కొండపల్లి కూరలమ్మే బొమ్మ ముందు గంపలో పెట్టింది. చూడవచ్చిన వాళ్లంతా కొలువుని వదిలేసి, "టమాటా భలే ఉందే" అన్నారు. నా కళకి దొరికిన ప్రశంస అదొక్కటే. కొలువెత్తాక బొమ్మలతోపాటు అదీ అటకెక్కింది.

మొన్న తెల్లవారుజామున పెళ్లికి బయల్దేరుతుంటే మా వారి చొక్కా గుండీ ఊడింది. చేతిలో గుండీ ఉంది, దారం ఉంది. ఊరంతటికీ సూదుల ఇళ్లు కట్టించిన దాన్ని, సూది లేదు.

అత్తయ్య కళ్లు తెరవకుండానే అన్నారు, "క్యాలెండర్లో చూడవే. అమావాస్య మీద గుచ్చాను."

చూశాను. అమావాస్య మీద ఏమీ లేదు.

"ఈ నెలది కాదు, పోయిన నెలది."

కాగితం తిప్పాను. ఉంది. నల్లదారం కూడా ఎక్కించే ఉంది.