ఇంటివాళ్ళు లేని పండుగ

డిసెంబరు వచ్చిందంటే మాదాపూర్‌లో మంచు పడుతుంది, దూది మూటల్లోంచి. సైబర్ టవర్స్ చౌరస్తా నుంచి దుర్గం చెరువు తీగల వంతెన దాకా ఏ అద్దాల మేడలోకి తొంగిచూసినా ఓ ప్లాస్టిక్ చెట్టు, కొమ్మల మీద దూది, కింద మెరుపు కాగితం చుట్టిన ఖాళీ అట్టపెట్టెలు. ఈ రాతినేల మీద మంచు కురవగా చూసినవాడు మా తాతల్లో కూడా లేడు. అయినా మా అపార్టుమెంటు పిల్లల్ని క్రిస్మస్ అంటే ఏమిటర్రా అని అడిగితే టకటకా చెప్తారు: మంచు, చెట్టు, ఎర్రటోపీ, కేకు. పండుగ ఎవరి పుట్టినరోజో ఆయన పేరు మాత్రం ఆ లెక్కలోకి రాదు. డెబ్బై దాటినవాణ్ణి, కాస్త గొణుక్కుంటే తప్పేం లేదు.

మాది మెదక్ దగ్గర పల్లె. మా రోజుల్లో పండుగ నక్షత్రంతో మొదలయ్యేది. కొని తెచ్చే నక్షత్రం కాదు. వెదురు బద్దలు సన్నగా చీల్చి ఒకే కొలతలో రెండు నక్షత్రాలు కట్టేవాళ్ళం. రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఐదు మొనల దగ్గరా దారంతో బిగించి, మధ్యలో చిన్న పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బి నక్షత్రం లేచి నిలబడేది. ఒక్క పుల్ల పొడుగెక్కువైనా కొమ్ము వంకరపోయేది. మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి, ఇంటి ముందు గడకు కట్టేవాళ్ళం. దీపం కాగితానికి అంటుకుని సగం నక్షత్రాలు పండుగ రాకముందే కాలిపోయేవి. మళ్ళీ కట్టేవాళ్ళం.

రాత్రి పొద్దుపోయాక పాటలవాళ్ళు బయల్దేరేవారు. ముందు పెట్రోమాక్స్ లైటు, వెనక డోలక్, కంజీర, తాళాలు. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు కట్టిన కీర్తనలు మావాళ్ళు ఎత్తుకుంటే, రామమందిరం భజన బృందంలో మద్దెల వాయించే పెద్దాయన దుప్పటి కప్పుకుని వచ్చి అరుగు మీద కూర్చుని తాళం వేసేవాడు. మాకు జింగిల్ బెల్స్ తెలియదు. తర్వాత ఎవరో నేర్పితే తెలిసింది, ఆ పాటలో క్రిస్మస్ అన్న మాటే లేదని.

అరిసెలు, మురుకులు వీధి వీధంతా పంచేవాళ్ళం. మేం వండినవి తినని ఇళ్ళకి బియ్యం, బెల్లం, అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టి పంపేవాళ్ళం. వాళ్ళు తీసుకునేవారు. అందులోని అంటు సంగతి మాకు తెలియక కాదు, అదంతా బంగారు కాలమని నేను అబద్ధం చెప్పను. కానీ పళ్ళెం ఎవరింటి నుంచి వచ్చిందో, ఎందుకొచ్చిందో ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. అది మా పండుగ. వాళ్ళు మా పండుగకి వచ్చినవాళ్ళు.

క్రిస్మస్ మతానిదా, మతంతో పనిలేని వేడుకా అని మా అబ్బాయి స్నేహితులు టీ తాగుతూ వాదించుకుంటుంటే నాకు మెదక్ చర్చి గుర్తొస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో కట్టడం మొదలుపెట్టాడు. అవి కరువు రోజులు. ఉత్త చేతికి అన్నం పెట్టడం కాకుండా పనిచ్చి అన్నం పెట్టాలన్నది ఆయన పద్ధతి. మా తాత కూడా అక్కడ రాయి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పదేళ్ళు కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. మొన్న 2024కి నూరేళ్ళు నిండాయి. పండుగ రోజు తెల్లవారకముందే ఆరాధన మొదలయ్యేసరికి ఆవరణంతా జనం. అందులో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళుంటారు, టోపీ పెట్టుకున్న సాయిబులుంటారు, మొక్కు తీర్చుకోడానికి వచ్చినవాళ్ళుంటారు, ఊరికే జాతర చూడ్డానికి వచ్చినవాళ్ళుంటారు. లోపల ప్రార్థన, బయట మిఠాయి దుకాణం. ఇది మతమా కాదా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని పడలేదు. లోపల దీపం వెలుగుతోంది కాబట్టి బయట ఎంతమంది తిరిగినా పండుగ పండుగగానే ఉంది.

ఇప్పుడు మా అపార్టుమెంటు సంగతి వినండి. క్లబ్‌హౌసులో వేడుక. తంబోలా, లక్కీ డిప్, కేకు కోయడం. సాంటా వేషం వాచ్‌మన్‌కి వేశారు. పాపం ఆ పిల్లవాడు పాలమూరు వాడు, దూది గడ్డం నోట్లోకి పోతుంటే ఉమ్ముకుంటూ చాక్లెట్లు పంచాడు. నేను కార్యదర్శి అబ్బాయిని పక్కకి పిలిచి అడిగాను, "పశువుల పాక బొమ్మ ఎక్కడ పెట్టారు నాయనా? మరియమ్మ, యోసేపు, తొట్టిలో పసిబిడ్డ?"

"మతపరమైనవేవీ వద్దనుకున్నాం అంకుల్. అందరూ ఉంటారు కదా," అన్నాడు మర్యాదగానే.

"మరి వినాయక చవితికి వినాయకుణ్ణి పెట్టారుగా?"

"అది వేరు అంకుల్. అది మన పండుగ కదా."

మంచి పిల్లవాడే, మనసులో విషం లేదు. పోయేటప్పుడు నా చేతిలో కేకు ముక్క పెట్టి, "మీరు కూడా క్రిస్మస్ చేసుకుంటారా అంకుల్?" అని అడిగాడు. నా కోపమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే. మా ఇంటి పండుగకి నన్నే అతిథిని చేశాడు.

వినాయక చవితి లడ్డు వేలంపాటలో నేనూ నిలబడి చప్పట్లు కొట్టినవాణ్ణే. ఆ పండుగలో దేవుడు మండపం మధ్యలో కూర్చున్నాడు, దాని ఇంటివాళ్ళెవరో తెలుసు, అందుకే నాకు అతిథిగా నిలబడ్డానికి చోటు దొరికింది.

మాదాపూర్‌కి క్రిస్మస్ మెదక్ నుంచి రాలేదు, క్లయింటు క్యాలెండరులోంచి దిగింది. 1998లో వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటినుంచి ఇక్కడి పగలూ రాత్రీ అమెరికా గడియారాన్ని చూసి నడుస్తున్నాయి. అక్కడ దుకాణాలకి ఏడాది మొత్తంలో అసలు బేరం నవంబరు, డిసెంబరుల్లోనే. ఆ రోజుల్లో నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ వేలు పెట్టకూడదు. కోడ్ ఫ్రీజ్ అంటారట. వేలు పెట్టకపోయినా కాపలా కాయాలి, ఎక్కడ ఏది ఆగినా క్షణాల్లో పట్టుకోవాలి. మావాడు ఆ కాపలాలోనే ఉన్నాడు. డిసెంబరు 24 రాత్రి మేమంతా చర్చికి బయల్దేరుతుంటే వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వెళ్దాం రారా అంటే, "పీక్ సీజన్ నాన్నా, లీవులు బ్లాక్ చేశారు," అన్నాడు. సాయంత్రం ఆఫీసులో సీక్రెట్ సాంటా ఆడి, టోపీ పెట్టుకుని ఫొటో దిగినవాడే. పండుగ పేరుతో ఆట ఆడించారు, పండుగకి మాత్రం వదల్లేదు. క్లయింట్లు సెలవుల్లో ఉన్నారని పని లేక ఖాళీగా కూర్చునే ప్రాజెక్టులు కూడా ఇక్కడే ఉన్నాయంటారు. మావాడికి ఆ అదృష్టం లేదు.

ఆ క్లయింటు పూర్వీకుల కథ ఇంకా వింత. 1659లో మసాచుసెట్స్‌లో క్రిస్మస్ చేసుకుంటూ పట్టుబడితే 5 షిల్లింగుల జరిమానా. బైబిల్లో ఆ తేదీ లేదు, తాగి తందనాలాడ్డానికి ఇదొక సాకు అని అక్కడి ప్యూరిటన్ల కోపం. 1681 దాకా ఆ చట్టం ఎత్తెయ్యలేదు. అమెరికాలో క్రిస్మస్ సర్కారు సెలవు అయింది 1870లో. 2013లో ప్యూ పరిశోధన కేంద్రం అడిగితే పదిమంది అమెరికన్లలో తొమ్మిదిమంది పండుగ చేసుకుంటామన్నారు. అది తమకు ముఖ్యంగా మతపరమైన రోజని చెప్పింది దాదాపు సగం మందే. కాబట్టి వాళ్ళ దగ్గరే సగం ఊడిపోయి వచ్చిన సరుకిది. మనం మిగతా సగం తీసేసి దూది అంటించాం.

మావాళ్ళు తక్కువ తిన్నారా? లేదు. నెల మొదట్లోనే సెమీ క్రిస్మస్ అని మొదలుపెడతారు. ఫ్లెక్సీ మీద పాస్టరుగారి బొమ్మ నిలువెత్తు, పక్కన నాయకుడి బొమ్మ ఇంకాస్త పెద్దది, బాలయేసు మూలన తపాలా బిళ్ళంత. నాయకుడు ఆలస్యంగా వచ్చి కేకు కోసి, మైకులో ఓట్ల సంగతి మాట్లాడి వెళ్తాడు. సర్కారువారు ఎల్బీ స్టేడియంలో విందు పెడతారు, కొన్నేళ్ళు బట్టలూ పంచారు. పెట్టనివ్వండి, మంచిదే. కానీ మా ఇంటి ముందు నక్షత్రం కట్టడం మా మనవరాలికి రాదంటే ఆ తప్పు క్లయింటుది కాదు, సర్కారుదీ కాదు. ఈసారి నక్షత్రాన్ని కోడలు ఆన్‌లైన్లో తెప్పించింది. "బాగుంది కదా మామయ్యా, కాలిపోదు కూడా," అంది. నిజమే, కాలిపోదు.

అసలు ముల్లు ఇంకోచోట ఉంది. మా ఊళ్ళల్లో ఈ మతం పుచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాలమాదిగలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సడలింపు ఇచ్చారు, మాకివ్వలేదు. మన దగ్గర అలాంటివాళ్ళని బీసీ-సీలో వేశారు. అందుకని కాగితంలో ఒక మతం, ఇంట్లో ఇంకో ప్రార్థన పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో. ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఈ అద్దాల మేడల్లో పనిచేస్తున్నారు. పేరు చూస్తే తెలియదు, వాళ్ళు చెప్పరు. టీము మొత్తం ఎర్రటోపీలు పెట్టుకుని కేరింతలు కొడుతుంటే, ఆ పండుగ నిజంగా ఏ పిల్లదో ఆ పిల్ల నోరు మెదపకుండా పక్కన నిలబడుతుంది. పండుగ అందరిదీ అయిందంటున్నారే, అది తనదని పైకి చెప్పుకోలేనిది ఆమె ఒక్కతే.

ఇక తీర్పు చెప్తాను. మాదాపూర్‌లో క్రిస్మస్ మతానిదీ కాదు, లౌకికమూ కాదు. ఇంటివాళ్ళు లేని విందు. అందరూ వచ్చి తినడం వల్ల పండుగ పాడవదు. మెదక్‌లో నూరేళ్ళుగా అందరూ వస్తూనే ఉన్నారు. అందరిదీ కావాలంటే ముందది ఎవరో ఒకరిది కావాలి.

బైబిల్లో ఆ రాత్రి శుభవార్త మొదట అందింది ఎవరికో గుర్తుచేసుకోండి. పొలంలో గొర్రెలు కాస్తున్నవాళ్ళకి, అంటే నైట్ షిఫ్టు వాళ్ళకి. వాళ్ళు మందను వదిలి బేత్లెహేముకి వెళ్ళి బిడ్డను చూసి వచ్చారు. ఎవరూ లీవు బ్లాక్ చేయలేదు.

టీము లీడర్లకి, మేనేజర్లకి నాదొక్కటే మనవి. టోపీలు పెట్టుకోండి, కేకు కొయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ షిఫ్టుల పట్టిక వేసేముందు, 24 రాత్రి ఎవరికి సెలవు కావాలో ఒక్కసారి అడగండి. ఎందుకని మాత్రం అడగొద్దు. అడిగినవాళ్ళకి ఇచ్చేయండి.