ఆరోసారి ఎమ్మెల్యే, నాలుగో కండువా

మా ఎమ్మెల్యేగారిని ఏమడిగినా జవాబు ఒక్కటే: "నేను ఆరుసార్లు గెలిచినవాణ్ణి." రోడ్డు మీద గుంతలన్నా అదే, పీహెచ్‌సీలో డాక్టర్ లేడన్నా అదే. నిజం చెప్పాలంటే ఆ గుంతలు కూడా ఆయన మూడో గెలుపు నాటివి. వాటికీ కొంత సీనియారిటీ ఉంది.

ఆరు గెలుపులకు నాలుగు కండువాలు. కండువా మారినప్పుడల్లా చెప్పిన కారణం మాత్రం మారలేదు: నియోజకవర్గ అభివృద్ధి. ఈ అభివృద్ధి ఎంత చపలచిత్తురాలో, ఎవరు అధికారంలోకి వస్తే వాళ్లింట్లోనే కాపురం పెడుతుంది. పాపం, ఆయన దాని వెంట నడిచారు, అంతే. 1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి 'ఆయారాం గయారాం' అని ఊరూవాడా నవ్వులపాలయ్యారు. ఆయన దురదృష్టం ఏమిటంటే, అప్పటికి ఫిరాయింపుల చట్టం లేదు. 1985లో అది వచ్చాకే కదా, స్పీకర్ దగ్గర ఫిర్యాదు పెండింగులో పెట్టించుకుని నిశ్చింతగా కూర్చునే వెసులుబాటు కలిగింది! 2014లో తెలుగుదేశం టికెట్‌పై గెలిచిన తలసాని శ్రీనివాసయాదవ్ ఆ ఏడాదే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి. వైకాపా టికెట్‌పై గెలిచిన నలుగురు 2017లో తెలుగుదేశం ప్రభుత్వంలో మంత్రులు. ఇక తెలంగాణలో కారు దిగి కాంగ్రెస్ గూటికి చేరారంటున్న పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టే స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఏ జెండా వాళ్లూ ఇంకో జెండాను వేలెత్తి చూపలేని ఏకాభిప్రాయం మన దగ్గర ఇదొక్కటే.

శాసనసభలో మా ఎమ్మెల్యేగారు ఏం మాట్లాడారని అడిగేవాళ్లకు లోకజ్ఞానం లేదు. అనుమతి లేకుండా అరవై రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190(4)లో ఉంది. అయితే సభ నాలుగు రోజులకు మించి వరసగా వాయిదా పడిన కాలాన్ని, ప్రోరోగ్ అయిన కాలాన్ని ఆ లెక్కలో కలపరు. మన సభలు ఏడాదికి కూర్చునే కొద్ది రోజులకు ఆ అరవై పోగయ్యేసరికి మళ్లీ ఎన్నికలొస్తాయి.

ఆయన అసలు శాసనసభ ఇంటి వరండాలో నడుస్తుంది. తెల్లారి ఆరింటికే ప్లాస్టిక్ కుర్చీలు నిండుతాయి. పీఏ సొరుగులో సంతకాలు చేసి సిద్ధంగా ఉంచిన లెటర్‌ప్యాడ్ ఉంటుంది. తిరుమల బ్రేక్ దర్శనానికి పేర్లు రాసుకోవడమే తరువాయి. పలుకుబడి ఉన్నవాళ్లకు లేఖ, లేనివాళ్లకు టీ. మధ్యాహ్నం రెండు పెళ్లిళ్లు, ఒక పెద్దకర్మ, ఒక శంకుస్థాపన. అన్నిట్లోకీ ఆయనకు ఇష్టమైనది శంకుస్థాపనే. ఊరి చివర వంతెనకు మూడు శిలాఫలకాలున్నాయి, మూడింటి మీదా ఆయన పేరే, మూడు వేర్వేరు ప్రభుత్వాల్లో. వంతెన మాత్రం ఇంకా రాలేదు. ఇంకో రెండు ఫలకాలు పడితే వాటినే అడ్డంగా పరిచి వాగు దాటొచ్చని మా ఊరి కుర్రాళ్లు అంటున్నారు.

గెలుపుల లెక్కే అయితే, ఇల్లందు నుంచి గుమ్మడి నర్సయ్య కూడా ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. సైకిలు మీద, ఆర్టీసీ బస్సులో తిరిగే మనిషి. 2025లో ఆయన ముఖ్యమంత్రిని కలవడానికి వెళ్లి గేటు బయట ఎదురుచూశారని పత్రికల్లో వచ్చింది. మా ఎమ్మెల్యేగారిని ఏ గేటూ ఆపదు; ముందు కారు, వెనక నాలుగు కార్లు చూస్తే గేటు దానంతటదే తెరుచుకుంటుంది. నర్సయ్యగారి గురించి కదిపితే, "మంచివాడే గానీ రాజకీయం తెలీదు" అన్నారు మా ఎమ్మెల్యేగారు, జాలిగా.

ఏడోసారి ఆయన పోటీ చేయరట. అబ్బాయిగారికి టికెట్ అడుగుతున్నారు. 'యువనేత' ఫ్లెక్సీలు అప్పుడే సెంటర్లో వెలిశాయి. నాన్నగారి ఫొటో ఉంది, అబ్బాయిగారి నమస్కారం ఉంది, కింద అభిమానుల పేర్లున్నాయి. పార్టీ గుర్తు ఉండాల్సిన చోట మాత్రం, ఎందుకైనా మంచిదని, ఖాళీ వదిలారు.