మాది వైజాగేనండీ

వైజాగ్‌లో పుట్టి పెరిగినవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. కైలాసగిరి ఎక్కింది చుట్టాలొచ్చినప్పుడు. జూ చూసింది బళ్ళో తీసుకెళ్ళినప్పుడు. బొర్రా గుహలకి వెళ్ళింది పెళ్ళైన కొత్తలో, అదీ బావమరదులు బలవంతపెడితే. మిగిలినవన్నీ "ఎక్కడికి పోతాయిలే" ఖాతాలో పడి ఉంటాయి. నేనూ అదే బాపతు. ఏళ్ళ తరబడి పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తూ కురుసుర సబ్‌మెరైన్ పక్కనుంచి పోయేవాణ్ణి. టికెట్టు కొని లోపలికి వెళ్ళిన పాపాన పోలేదు. ఒడ్డుకి లాగి దిమ్మెల మీద కూర్చోబెట్టేశారు కదా, పారిపోదులే అన్న ధీమా.

చూడకపోవడం పెద్ద నేరమేమీ కాదు. చూడకుండానే పదిమందికీ చూపించబోవడం ఉంది చూశారూ, అదీ నా ఘనత. వేసవి సెలవులొస్తే మా ఇల్లు సత్రం. వరంగల్ నుంచి అక్కావాళ్ళు, బొబ్బిలి నుంచి పెద్దమ్మ, హైదరాబాద్ నుంచి మా ఆవిడ వైపు వాళ్ళు. అందరికీ నేనే గైడు. ఎవరూ నియమించలేదు. "మాది వైజాగేనండీ" అన్న ఒక్క మాటే నా అర్హత. సముద్రం పక్కన పెరిగాను కాబట్టి దాని మీద మాట్లాడే హక్కు పుట్టుకతోనే వచ్చిందనుకున్నాను.

మొదటి దెబ్బ ఆ కురుసురలోనే తగిలింది. 'ఘాజీ' సినిమా వచ్చిన ఏడాది, 2017 వేసవి. అక్క, బావ, మేనల్లుడు వచ్చారు. టికెట్ల క్యూలోనే మొదలుపెట్టాను. 1971 యుద్ధం, పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ మన రేవు మీదికి దొంగచాటుగా రావడం, ఇదిగో ఈ సబ్‌మెరైనే దాన్ని వెతికి పట్టుకుని ముంచెయ్యడం.

"గిదేనా?" అని బావ తలెత్తి ఆ నల్లటి పొట్టకేసి చూశాడు.

"ఇదే బావా!"

వెనక క్యూలో ఉన్నవాళ్ళు కూడా చెవులు రిక్కించారని గమనించి గొంతు కాస్త పెంచాను.

లోపల అంతా వివరించి చెప్పేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. 91 మీటర్ల పొడవు ఇనుప గొట్టం అది. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, ఒళ్ళు దూర్చి, అప్పుడు రెండో కాలు లాక్కోవాలి. నా పొట్ట ఒకచోట కాసేపు ఆలోచించింది. ఒకదాని మీద ఒకటి పడకలు, ఒక మనిషి తిరిగితే రెండో మనిషి బయటికి రావాల్సినంత వంటగది, గోడలనిండా చక్రాలు, మీటలు, పైపులు. ముందు వైపు ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. డెబ్బై మందికి పైగా మనుషులు అందులో సరైన స్నానం లేకుండా రోజుల తరబడి ఉండేవారట. అది విన్నాకైనా నోరు పడిపోవాలి ఎవరికైనా. నాకు పడిపోలేదు. నా పరిజ్ఞానం ఆయనకి తెలియాలని ఒక ప్రశ్న వేశాను.

"ఘాజీని ముంచినప్పుడు టార్పెడో ముందు నుంచి వేశారాండీ, వెనక నుంచా?"

ఆ పెద్దాయన నా వైపు ఒకసారి, నా వెనకున్న కుటుంబం వైపు ఒకసారి చూశాడు. "ఇది వెయ్యలేదండీ. ఆ యుద్ధానికి దీన్ని అటు అరేబియా సముద్రం వైపు గస్తీకి పంపారు."

"మరి సినిమాలో..."

"సినిమాలోది ఎస్-21 సార్. ఇది ఎస్-20."

ఘాజీని డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ముంచింది రాజ్‌పుత్ అనే యుద్ధనౌక అని మన నేవీ చెబుతుంది, తాను పెట్టిన మందుపాతరే పేలి మునిగిందని పాకిస్తాన్ వాళ్ళంటారు, ఏదైతేనేం ఆ ఓడ ఇప్పటికీ మన తీరానికి దగ్గర్లోనే అడుగున పడి ఉంది అని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. అక్కడితో ఊరుకుంటే సగం పరువైనా దక్కేది. "అప్పుడు మీరక్కడ ఉన్నారాండీ?" అని అడిగాను.

"లేనండీ. మీరున్నారా?"

వెనక కంతలోంచి తల దూర్చినవాళ్ళు కూడా నవ్వారు. బయటికొచ్చాక బావ చాలాసేపు ఏమీ అనలేదు. మురీ మిక్స్చర్ పొట్లం చేతికొచ్చాక అన్నాడు: "బామ్మర్దీ, గది ఘాజీని ముంచలె. నువ్వు మమ్ముల ముంచినవ్." ఆ ఏడాది చివర్లోనే రోడ్డుకవతల టీయూ-142 విమానాన్ని తెచ్చి మ్యూజియం చేశారు. దాని గురించి ఇంతవరకూ ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు నేను.

అలా దెబ్బ తిన్నవాడు నాలుగు రోజులు నోరు కట్టుకోవాలి. మర్నాడు పొద్దున్న ఏడు కాకుండానే అందర్నీ కిరండూల్ ప్యాసింజర్ ఎక్కించాను, అరకు చూపిస్తానని. శృంగవరపుకోట వచ్చేసరికి నాలుక దురద ఆగలేదు. "అరకు లోపు 58 సొరంగాలొస్తాయి, లెక్క పెట్టుకో" అన్నాను మేనల్లుడితో. వాడు నోటుపుస్తకం తీశాడు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి దాటుతున్నాం. రైలు కొండని చుట్టుకుంటూ ఎక్కుతోంది, కింద లోయ, దూరంగా వాగులు, వంకరలో మన ఇంజినే మనకి కనిపిస్తోంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా కేకలు. మావాడు మాత్రం తల ఎత్తడు. చీకటి పడితే పెన్సిల్ పట్టుకుంటాడు, వెలుతురొస్తే గీత గీస్తాడు. కిటికీ పక్క సీటు వాడిది. కొండలన్నీ నేనే మింగేశాను వాడి కళ్ళలోంచి, ఒక అంకె చెప్పి. ఇది మాత్రం నవ్వుకునే సంగతి కాదు.

సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ స్టేషను కూడా దాటిపోయింది. అరకులో దిగేసరికి గీతలు 58 కాలేదు.

"మిగిలినయి ఎక్కడ మామా?"

ఎదురు సీట్లో కోరాపుట్ వెళ్తున్న పెద్దమనిషి జాలిపడ్డాడు. "లైను మొత్తం మీద అన్ని ఉన్నాయి బాబూ. మిగిలినవి కావాలంటే ముందుకి రావాలి." మావాడు ప్లాట్‌ఫారం మీద నిలబడి, కదిలిపోతున్న రైలు వంక చూసి ఏడుపు లంకించుకున్నాడు. పద్మాపురం తోటలు, గిరిజన మ్యూజియం, బొంగులో చికెన్, ఇవేవీ వాణ్ణి ఓదార్చలేకపోయాయి.

అసలు ఆ లైను వేసింది అరకు అందాల కోసం కాదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ రేవుకి దించి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి, 1960ల్లో, జపాన్ సాయంతోనే వేశారు. 1942 ఏప్రిల్ 6న ఇదే రేవు మీద బాంబులు కురిపించింది కూడా ఆ జపానే. పాతికేళ్ళలో ఎంత మారుతుందో చూడండి.

బాంబు మాట వచ్చింది కాబట్టి అది కూడా కక్కేస్తాను. బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది, 1991లో తెరిచారు. ఆనాడు జపాన్ వాళ్ళు వేస్తే పేలకుండా మిగిలిపోయిన బాంబొకటి అక్కడుంది. దాని ముందు నిలబెట్టి నేను చుట్టాలందరికీ చెప్పేవాణ్ణి: "ఇది పడింది మా తాతయ్య పెరట్లోనే." ఏళ్ళు గడిచేకొద్దీ కథకి బావి, జామచెట్టు, చూడిఆవు వచ్చి చేరాయి. బాంబు ఆవుకి రెండు గజాల దూరంలో పడిందని నేను చెబుతుంటే, ఒకసారి పక్కనే ఉన్న నాన్న అడ్డుపడ్డారు.

"మీ తాత వైజాగ్ మొహం చూసిందే షిప్‌యార్డులో ఉద్యోగం దొరికాకరా. బాంబులు పడ్డప్పుడు బొబ్బిల్లో ఉన్నాడు. అసలప్పుడు ఈ ఊరు ఖాళీ చేసి జనం మన వైపే పరిగెత్తుకొచ్చారు."

ఎవరు చెప్పారు నాకు ఆ కథ? ఎంత వెనక్కి వెళ్ళినా నేనే తేలుతున్నాను. ఎప్పుడో ఆఫీసులో ఎవరితోనో సరదాకి అన్నాను. కొన్నేళ్ళకి ఒక పెళ్ళి భోజనాల్లో, నాకు బొత్తిగా పరిచయం లేని ఒకాయన పక్కాయనకి ఆ కథే చెబుతుంటే విని, అదుగో సాక్ష్యం దొరికిందని పొంగిపోయాను.

చిన్నాచితకావి చాలానే ఉన్నాయి. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల్ని బ్రిటిష్ వాళ్ళవన్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బల్లోకి పట్టుకెళ్ళి "ఇక్కడే సినిమా షూటింగులన్నీ" అని చూపించాను. వేల ఏళ్ళ నాటి ఇసుక మేటలని, 2014లో జియోలాజికల్ సర్వే వాళ్ళు వాటికి జాతీయ భూవారసత్వ గుర్తింపు ఇచ్చారని మా ఆవిడ తమ్ముడి కూతురు ఫోన్లో చదివి వినిపించింది, గొడుగు కింద నిలబడి. మిగిలినవాళ్ళకి గొడుగుల్లేవు. తొట్లకొండకి మాత్రం నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు, ఆ బౌద్ధారామం చుట్టూ బోర్డులు బాగా రాసిపెట్టారు.

ఇక అసలు సంగతి. పెద్దమ్మది.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. ముందు రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునక, ఆపైన ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ కిందికి. లక్షల మంది నడుస్తారు. ఒక ఏడు పెద్దమ్మ మొక్కుకుని బొబ్బిలి నుంచి దిగింది. డెబ్బై దాటిన మనిషి.

"తోడొస్తావేట్రా? నడవగలవా?" అంది.

"రోజూ బీచ్‌లో నడిచేవాణ్ణి పెద్దమ్మా. నువ్వు అలిసిపోతే ఎత్తుకుని తీసుకొస్తా" అన్నాను.

హనుమంతవాక దాకా నిజంగానే బాగా నడిచాను. దారిపొడుగునా జనం మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పట్టుకుని నిలబడతారు. బతిమాలి మరీ పెడతారు. ఎవరి మనసూ కష్టపెట్టకుండా అన్నిచోట్లా తిన్నాను. సముద్రంలో మునిగి లేచేసరికి అరికాళ్ళు పొక్కులెక్కాయి, పొట్ట బరువెక్కింది. పెద్దమ్మ తడి చీర కొంగు పిండుకుని, "గోవిందా" అంటూ అదే నడక. పావు గంట కూర్చుందామన్నాను. కూర్చుంటే లేవలేం నాయినా అంది.

నా ఖర్మకి ప్రదక్షిణ దారి మా వీధి మొగలోంచే పోతుంది. మా డాబా మీది నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది. "నువ్వు నడుస్తూ ఉండు పెద్దమ్మా, మంచినీళ్ళు తాగొచ్చి కలుస్తా" అన్నాను. మంచినీళ్ళు తాగాను. కాళ్ళు కడుక్కున్నాను. ఫ్యాను వేసుకుని ఐదు నిమిషాలు నడుం వాల్చాను. మెలకువ వచ్చేసరికి తెల్లారగట్ల నాలుగు.

అప్పుడైనా ఫోన్ చేసి, పెద్దమ్మా నిద్రపోయాను అని చెప్పొచ్చు. చెప్పలేదు. బండి మీద అడ్డదారిన గోపాలపట్నం దాకా వెళ్ళి, ఒక సందులో బండి పెట్టి, జనంలో కలిసి, కుంటుతూ నడిచాను. కుంటడం ఒక్కటే అందులో నిజం. తొలిపావంచా దగ్గర మెట్ల పక్కన పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన ఇంకో నలుగురు ముసలమ్మలు, వరసగా కాళ్ళు చాపుకుని.

"జనంలో తప్పిపోయాను పెద్దమ్మా. నీ కోసం వెతుక్కుంటూ నడిచాను" అన్నాను.

ఆవిడ నా మొహం చూడలేదు. నా కాళ్ళు చూసింది. అక్కడున్న అరికాళ్ళన్నీ తారుతో, బురదతో, కొబ్బరిపీచుతో నల్లగా ఉన్నాయి. నావి రాత్రి సబ్బు పెట్టి కడిగిన కాళ్ళు, గోపాలపట్నం దుమ్ము ఇంకా పూర్తిగా అంటుకోలేదు.

"నీ కాళ్ళకి మట్టి కూడా భయపడింది నాయినా" అంది. ముసలమ్మలు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఆవిడ దర్శనానికి కొండెక్కింది. నేను కింద ఉండి ఆవిడ చెప్పుల సంచి కాపలా కాశాను. ఇంటికొచ్చాక పులిహోర ప్రసాదం అందరికీ పంచి, నాకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టి, "మావోడు చాలా దూరం నడిచాడు" అని మా ఆవిడతో చెప్పింది. మా ఆవిడ నమ్మలేదు. తెల్లారగట్ల బండి స్టార్ట్ చేసిన చప్పుడు తను విననే విన్నది.

అప్పటి నుంచీ చుట్టాలొస్తే తిప్పడం మా ఆవిడ చేతిలోకి పోయింది. సోమవారం కురుసురకి సెలవని ఆవిడకి తెలుసు. ఎర్రమట్టి దిబ్బలకి పొద్దు వాలాకే తీసుకెళుతుంది. అరకు రైల్లో పిల్లలకి కిటికీ పక్క సీటిచ్చి ఊరుకుంటుంది. పార్కింగ్ వెతకడం, బజ్జీలకి డబ్బులివ్వడం, సంచులు మొయ్యడం నా డ్యూటీ. మొన్న మ్యూజియంలో మా తోడల్లుడు బాంబు ముందు ఆగి, "ఇది ఎక్కడ పడిందంటారు?" అన్నాడు. జామచెట్టు నాలుక చివరి దాకా వచ్చింది. మా ఆవిడ ఇటు తిరిగింది.

"పక్కనే రాసుంటుంది, చదువుకోండి" అన్నాను.